కృష్ణా డెల్టా: గన్నవరం పరిసరాల భౌగోళిక స్వరూపం, వాతావరణం, వనరులు

కృష్ణా డెల్టా ఆంధ్రప్రదేశ్ తూర్పు తీరంలో కృష్ణా నది తెచ్చిన ఒండ్రుతో ఏర్పడిన మైదానం. విజయవాడ దగ్గర ఇంద్రకీలాద్రికి, సీతానగరం కొండకు మధ్యనున్న ఇరుకు దాటగానే నది మైదానంలోకి దిగుతుంది. అక్కడి నుంచి బంగాళాఖాతం వరకు పరచుకున్న పల్లపు భూమినే డెల్టా అంటారు. నదికి ఎడమ వైపు భాగం తూర్పు డెల్టా, కుడి వైపు భాగం పశ్చిమ డెల్టా. ఈ భూమికి కావలసిన నీటిలో ఎక్కువ భాగం పై రాష్ట్రాల్లో కురిసిన వానల నుంచి వస్తుంది. అదే నీరు, తీరంలో కురిసే వానతో కలిసి, సకాలంలో సముద్రానికి చేరకపోతే ముంపుగా మారుతుంది. ఈ ప్రాంతపు వ్యవసాయం, స్థిరనివాసాలు, ఇంజనీరింగ్ పనులు అన్నీ నీరు తేవడం, నీరు తీయడం అనే రెండు అవసరాల చుట్టూ రూపుదిద్దుకున్నాయి.

ఉనికి, సరిహద్దులు

డెల్టా ఉత్తర అక్షాంశం 16 డిగ్రీలకు అటూ ఇటూ, పూర్తిగా ఉష్ణమండలంలో ఉంది. ఉత్తరాన నూజివీడు, మైలవరం మెట్ట ప్రాంతాలు, ఈశాన్యాన కొల్లేరు సరస్సు, తూర్పున, దక్షిణాన బంగాళాఖాతం, పడమర గుంటూరు, పల్నాడు మెట్ట భూములు దీనికి హద్దులు. కొల్లేరుకు ఆవలి వైపు గోదావరి డెల్టా మొదలవుతుంది.

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి, గన్నవరం, గుడివాడ, మచిలీపట్నం, అవనిగడ్డ కృష్ణా జిల్లాలోకి, కొల్లేరు తీరంలోని కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. పశ్చిమ డెల్టా గుంటూరు, బాపట్ల జిల్లాల మధ్య ఉంది. గన్నవరం విజయవాడకు తూర్పున సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, 16వ నంబరు జాతీయ రహదారి మీద, మెట్ట వాలు ముగిసి డెల్టా పల్లం మొదలయ్యే చోట ఉంది.

భూగర్భ నిర్మాణం, డెల్టా ఏర్పడిన తీరు

విజయవాడ, కొండపల్లి, మంగళగిరి చుట్టుపక్కల కొండలు తూర్పు కనుమలకు చెందినవి. ఖోండలైట్, చార్నోకైట్ వంటి అతి ప్రాచీన రూపాంతర శిలలు వీటిలో కనిపిస్తాయి. నూజివీడు వైపు గోండ్వానా కాలపు ఇసుకరాళ్లు ఉన్నాయి. భూగర్భ శాస్త్రంలో వీటికి అక్కడి ఊరి పేరుతోనే గొల్లపల్లి ఇసుకరాయి అని పేరు. మైదానం కిందా, తీరానికి ఆవల సముద్ర గర్భంలోనూ కిలోమీటర్ల మందాన పేరుకున్న అవక్షేపాలే కృష్ణా–గోదావరి బేసిన్.

ఇప్పుడు కనిపించే డెల్టా భూగర్భ కాలమానంలో చాలా కొత్తది. చివరి మంచుయుగం తర్వాత సముద్ర మట్టం పెరిగి, సుమారు 6,000 ఏళ్ల కిందట నిలకడకు వచ్చింది. అప్పటి నుంచి నది తెచ్చిన ఒండ్రు తీరాన్ని మెల్లగా సముద్రంలోకి నెట్టుకుంటూ పోయింది. పాత తీరరేఖలు తీరానికి సమాంతరంగా సాగే ఇసుక దిబ్బల వరుసలుగా మిగిలాయి. ఎత్తుగా ఉండి వరద ఎక్కకపోవడం, తవ్వితే తియ్యని నీరు పడటం వల్ల చాలా పాత ఊళ్లు ఈ దిబ్బల మీదే వెలిశాయి. నది కాలక్రమంలో పాయలు మార్చుకుంది. పాత పాయల జాడలు నేటికీ వాగులుగా, పల్లపు చేలుగా కనిపిస్తాయి.

భూస్వరూపం

ఈ ప్రాంతాన్ని నాలుగు మండలాలుగా విభజించవచ్చు.

మెట్ట: గన్నవరానికి ఉత్తరాన ఆగిరిపల్లి, నూజివీడు వైపు ఎర్ర నేలలు, గరప నేలలు ఉన్న ఎగుడుదిగుడు భూమి ఇది. చెరువులు, బోర్లు ఇక్కడి ప్రధాన నీటి వసతులు. గన్నవరం పరిసరాల్లోని బ్రహ్మయ్యలింగం చెరువు ఈ తరహా నీటి వనరుల్లో పెద్దది.

మాగాణి: గన్నవరానికి దక్షిణాన కంకిపాడు, ఉయ్యూరు, గుడివాడ, పామర్రు వైపు దాదాపు చదునుగా ఉండే కాలువ కింది భూమి. గన్నవరం విమానాశ్రయం సముద్ర మట్టానికి సుమారు 25 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి తీరం దాకా వాలు చాలా స్వల్పం. వాన నీరు త్వరగా దిగకపోవడానికి ఇదే మూలకారణం.

లంకలు: నది గర్భంలోనూ, పాయల మధ్యా ఏర్పడిన ఒండ్రు దిబ్బలు. వరద వచ్చినప్పుడు మునిగి, తీసినప్పుడు కొత్త ఒండ్రు పట్టుకుంటాయి.

తీరం: ఇసుక తిన్నెలు, ఉప్పు పర్రలు, మడ అడవులు, పోటు నీరు ఎక్కే కాలువలు ఉన్న మండలం. అవనిగడ్డకు సమీపంలో పులిగడ్డ దగ్గర నది చీలుతుంది. పాయల మధ్య భూభాగమే దివిసీమ. ఒక పాయ హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మిగతా ప్రవాహం నాగాయలంక దిగువన మళ్లీ పాయలుగా విడిపోయి సముద్రాన్ని చేరుతుంది.

నదులు, వాగులు, సరస్సులు

కృష్ణా నది మహారాష్ట్రలోని మహాబలేశ్వరం వద్ద పుట్టి, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మీదుగా సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహిస్తుంది. పరీవాహక ప్రాంతం సుమారు 2,59,000 చదరపు కిలోమీటర్లు. భీమ, తుంగభద్ర, మూసీ పెద్ద ఉపనదులు. డెల్టాకు కాస్త ఎగువన పాలేరు, మున్నేరు ఎడమ వైపు నుంచి కలుస్తాయి. పెద్ద జలాశయాల అదుపు లేని ఈ చివరి వాగుల నీరు విజయవాడ వరదను ఒక్కసారిగా పెంచగలదు.

బుడమేరు మైలవరం కొండల్లో పుట్టి, విజయవాడ ఉత్తర శివార్ల మీదుగా, గన్నవరం దక్షిణపు పల్లాల గుండా కొల్లేరులో కలుస్తుంది. వరద ఉద్ధృతిని తగ్గించడానికి వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, కొంత నీటిని మళ్లింపు కాలువ ద్వారా ఇబ్రహీంపట్నం వద్ద కృష్ణలోకి వదులుతారు. ఎనికెపాడు దగ్గర బుడమేరు సాగునీటి కాలువ అడుగు నుంచి సొరంగ మార్గంలో దాటుతుంది.

కొల్లేరు రెండు డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు దీనిలోకి నీటిని తెస్తాయి. అదనపు నీరు సుమారు 60 కిలోమీటర్ల పొడవున్న ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పోతుంది. 1999లో అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరుకు రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు లభించింది.

వాతావరణం

ఇది ఉష్ణమండల రుతుపవన వాతావరణం. ఏడాదిని నాలుగు కాలాలుగా చూడవచ్చు.

ఎండాకాలం మార్చి నుంచి జూన్ మొదటి వారం వరకు. పగటి ఉష్ణోగ్రత మే నెలలో సాధారణంగా 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. పడమటి నుంచి వడగాడ్పులు వీచే రోహిణి కార్తెలో 45 డిగ్రీలు దాటిన రోజులూ ఉన్నాయి. సముద్రపు గాలి అందే మచిలీపట్నం కంటే విజయవాడ, గన్నవరాల్లో వేడిమి ఎక్కువ.

నైరుతి రుతుపవనాలు జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఉంటాయి. తొలకరి సాధారణంగా జూన్ రెండో వారంలో అందుతుంది. ఏటా కురిసే సుమారు 1,000 మిల్లీమీటర్ల వర్షంలో మూడింట రెండు వంతులు ఈ నాలుగు నెలల్లోనే పడుతుంది. పడమటి కనుమల్లో కురిసిన వానల వల్ల కృష్ణకు జులై నుంచి అక్టోబరు వరకు వరద వస్తుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వరకు ఈశాన్య రుతుపవనాల కాలం. ఈ వాన వాయుగుండాల మీద ఆధారపడుతుంది. సార్వా (తొలకరి వరి) పంట కోతకు వచ్చే సమయం కావడంతో కొద్దిపాటి ముసురు కూడా పనల మీదున్న వరిని దెబ్బతీస్తుంది.

జనవరి, ఫిబ్రవరి చల్లని, పొడి నెలలు. రాత్రి ఉష్ణోగ్రతలు 18–20 డిగ్రీల దగ్గర ఉంటాయి. తెల్లవారుజామున పొగమంచు వల్ల గన్నవరంలో విమానాల రాకపోకలు ఆలస్యమవుతుంటాయి.

తుపాన్లు, వరదలు

తీరం పల్లంగా ఉండటం, తీరానికి దగ్గరలో సముద్రం లోతు తక్కువ కావడం వల్ల ఇక్కడ ఉప్పెన ప్రమాదం ఎక్కువ. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో మచిలీపట్నం ప్రాంతంలో సుమారు 30,000 మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమను, బాపట్ల తీరాన్ని ముంచెత్తిన ఉప్పెన అలలు 5 మీటర్ల ఎత్తుకు లేచాయి. ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత తీరంలో తుపాను రక్షణ భవనాలు, ముందస్తు హెచ్చరికల వ్యవస్థ విస్తరించాయి. 1990 మేలో కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన పెను తుపానులో మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉండటానికి ముందుగా జనాన్ని తరలించడం ముఖ్య కారణం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది.

నదీ వరదల్లో 2009 అక్టోబరులో విజయవాడలోని ప్రకాశం బ్యారేజీ వద్దకు సుమారు 11 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. 2024 సెప్టెంబరు 2న అది 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి, బ్యారేజీ చరిత్రలోనే అత్యధికంగా నమోదైంది. అదే సమయంలో బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు మళ్లింపు కాలువ నీటిని నది తీసుకోలేకపోవడం ఈ ముంపులో ముఖ్యమైన అంశం.

నీటి పారుదల

ఆనకట్టకు ముందు: డెల్టా సాగు పూర్తిగా వాన మీద, వరద కాలువల మీద ఆధారపడేది. 1832–33 నాటి కరువులో గుంటూరు జిల్లా జనాభాలో మూడో వంతుకు పైగా నశించింది. పశువులు పోయి, ఊళ్లు ఖాళీ అయ్యాయి. ఈ కరువు ఆనకట్ట ప్రతిపాదనకు బలం చేకూర్చింది.

ఆనకట్ట: సర్ ఆర్థర్ కాటన్ సిఫారసుతో, కెప్టెన్ చార్లెస్ ఆర్ పర్యవేక్షణలో 1852లో విజయవాడ దగ్గర మొదలైన రాతి ఆనకట్ట 1855లో పూర్తయింది. ఇది దాదాపు శతాబ్దం పాటు పని చేసింది. 1952 వరదల్లో దీనికి గండి పడింది.

ప్రకాశం బ్యారేజీ: పాత ఆనకట్టకు కాస్త ఎగువన 1954–57 మధ్య కట్టారు. పొడవు సుమారు 1,223 మీటర్లు, తలుపులు 70. ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. నిల్వ సామర్థ్యం సుమారు 3 టీఎంసీలే. ఒక టీఎంసీ వంద కోట్ల ఘనపుటడుగులు. అంటే బ్యారేజీ పని నీటిని దాచడం కాదు, మట్టం పెంచి కాలువల్లోకి మళ్లించడం. దీని కింద ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు.

కాలువలు: తూర్పున ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ విజయవాడ నగరం మధ్య నుంచే బయలుదేరతాయి. ఏలూరు కాలువ గన్నవరం మీదుగా సాగి ఏలూరు దగ్గర గోదావరి కాలువలతో కలుస్తుంది. గన్నవరం విమానాశ్రయ రన్‌వే విస్తరణ కోసం ఈ కాలువను కొంత దూరం పక్కకు మళ్లించారు. దివిసీమకు నీరు పులిగడ్డ అక్విడెక్టు ద్వారా నదీ పాయను దాటి వెళ్తుంది. పశ్చిమాన సీతానగరం దగ్గర మొదలయ్యే ప్రధాన కాలువ నుంచి కొమ్మమూరు, నిజాంపట్నం తదితర కాలువలు చీలుతాయి. కొమ్మమూరు కాలువ దక్షిణాన బకింగ్‌హామ్ కాలువతో కలిసి ఒకప్పుడు చెన్నై వరకు పడవ ప్రయాణానికి దారి ఇచ్చింది. పెద్ద కాలువల నుంచి పంట కాలువలు, వాటి నుంచి బోదెలు చేలకు నీటిని చేరుస్తాయి. నీరు తక్కువైన ఏడాది వంతుల వారీగా వదులుతారు. కాలువ చివరనున్న శివారు భూములకు నీరు అందడం ఏటా ఎదురయ్యే సమస్య.

మురుగు కాలువలు: చదును నేలలో నీరు పెట్టడం ఎంత అవసరమో, నీరు తీయడమూ అంతే అవసరం. 1960ల్లో వచ్చిన ముంపుల తర్వాత మిత్రా కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు నీటి వ్యవస్థను పరిశీలించి డ్రెయిన్లను వెడల్పు చేయాలని సూచించింది. గుర్రపుడెక్క, పూడిక, ఆక్రమణలు ఈ డ్రెయిన్ల సామర్థ్యాన్ని తగ్గిస్తున్నాయి.

నీటి పంపకం: కృష్ణా జలాల వివాదాల ట్రైబ్యునల్ (బచావత్ ట్రైబ్యునల్) 75 శాతం నమ్మకంతో (నాలుగేళ్లలో మూడేళ్లు) లభించే 2,060 టీఎంసీల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు కేటాయించింది. అందులో డెల్టాకు 181.20 టీఎంసీలు. 2014లో రాష్ట్ర విభజన తర్వాత 2015లో కుదిరిన తాత్కాలిక ఏర్పాటులో, వాడకం తర్వాత నదికి తిరిగి చేరే నీటిని కూడా కలిపి, 811 టీఎంసీలను ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299గా పంచారు.

ఎగువ జలాశయాలు, గోదావరి మళ్లింపు: 1967లో నీరు వదిలిన నాగార్జునసాగర్, దాని ఎగువన శ్రీశైలం డెల్టాకు వచ్చే ప్రవాహాన్ని నియంత్రిస్తాయి. సాగర్ దిగువన 45.77 టీఎంసీల సామర్థ్యంతో కట్టిన పులిచింతల (డాక్టర్ కె.ఎల్. రావు సాగర్) డెల్టాకు సకాలంలో నీరివ్వడానికి ఉద్దేశించింది. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల పథకం గోదావరి నీటిని పోలవరం కుడి కాలువలోకి ఎత్తిపోస్తోంది. బాపులపాడు, గన్నవరం మండలాల మీదుగా వచ్చే ఈ నీరు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో చేరుతుంది. ఎగువ నుంచి కృష్ణ ఆలస్యంగా వచ్చిన సంవత్సరాల్లో డెల్టా నారుమళ్లకు ఇదే ఆధారం.

నేలలు

మాగాణిలో నీటిని పట్టి ఉంచే నల్ల బంకమట్టి, నది వెంట తేలికైన ఒండ్రు, మెట్టలో ఎర్ర నేలలు, తీరంలో ఇసుక, చౌడు నేలలు ఉన్నాయి. బంకనేల వరికి అనువైనది. నదిగట్ల వెంట ఒండ్రు నేలల్లో అరటి, పసుపు, కంద, తమలపాకు పండుతాయి. తీరానికి దగ్గరయ్యేకొద్దీ భూగర్భ జలం ఉప్పగా ఉంటుంది. అక్కడ ఇసుక దిబ్బల్లో పలుచని పొరగా నిలిచే వాన నీరే తాగునీరు. దాన్ని మితిమీరి తోడితే ఉప్పునీరు పైకి వస్తుంది.

వనరులు

వ్యవసాయం: ప్రధాన పంట వరి. తొలకరి నుంచి పండించేది సార్వా, కాలువ నీరు అందితే వేసవికి ముందు వేసేది దాళ్వా. బాపట్ల పరిశోధన స్థానం 1986లో విడుదల చేసిన సాంబ మసూరి (బీపీటీ 5204), మార్టేరు స్థానం నుంచి వచ్చిన ఎంటీయూ రకాలు ఎక్కువగా సాగులో ఉన్నాయి. వరి కోతకు కొద్ది రోజుల ముందు నిలిచి ఉన్న చేలోనే మినుము, పెసర చల్లడం ఈ డెల్టా ప్రత్యేకత. నేలలో మిగిలిన తేమతో, మంచుతో ఆ పైరు పండుతుంది. ఉయ్యూరు ప్రాంతంలో చెరకు, దుగ్గిరాల చుట్టూ పసుపు, మెట్టలో మామిడి, మొక్కజొన్న, ఆయిల్ పామ్ పండిస్తారు. నూజివీడు మామిడిలో బంగినపల్లి, చిన్న రసాలు పేరొందాయి.

పశుసంపద: గేదె పాల ఉత్పత్తి డెల్టా కుటుంబాలకు స్థిరమైన ఆదాయం. కోళ్ల పరిశ్రమ హనుమాన్ జంక్షన్ పరిసరాల్లో కేంద్రీకృతమైంది. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల 1998లో ఏర్పడింది.

మత్స్య సంపద: కైకలూరు, మండవల్లి వైపు మంచినీటి చెరువుల్లో శీలావతి, బొచ్చె చేపలు, తీర మండలాల్లో వెనామీ రొయ్య పెంచుతారు. మచిలీపట్నం గిలకలదిండి, నిజాంపట్నం సముద్ర వేటకు రేవులు. వరి చేలు చేపల చెరువులుగా మారడం వల్ల ఆదాయం పెరిగింది. దాంతోపాటు పక్క చేలకు ఉప్పు ఊట, తాగునీటి కాలుష్యం సమస్యలయ్యాయి.

ఖనిజాలు, ఇంధనం: కైకలూరు, లింగాల ప్రాంతాల్లో ఓఎన్‌జీసీ సహజ వాయువును వెలికి తీసింది. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి సిమెంటు పరిశ్రమకు ఆధారం. కృష్ణ ఇసుక, మెట్టలోని గ్రావెల్ నిర్మాణ రంగానికి వాడుతున్నారు. చరిత్రలో కృష్ణా తీరపు కొల్లూరు, పరిటాల వజ్రాల గనులు ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. 17వ శతాబ్దంలో ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ కొల్లూరు గనిని చూసి రాశాడు. ఇబ్రహీంపట్నంలోని డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం 1979 నుంచి విద్యుత్తు ఇస్తోంది.

అడవులు, వన్యప్రాణులు: నదీ ముఖద్వారాల్లోని మడ అడవులు కృష్ణా అభయారణ్యంలో భాగం. బావురుపిల్లికి ఇది ముఖ్యమైన ఆవాసం. ఉప్పెన వేగాన్ని తగ్గించడంలో మడ చెట్లు సహజ రక్షణ. కొల్లేరులోని ఆటపాక గూడబాతుల విడిదికి ప్రసిద్ధి. కొండపల్లి బొమ్మలకు వాడే తేలికైన పొణికి కర్ర సమీప అడవులదే.

గన్నవరం

మెట్ట, డెల్టా రెండింటి సంధిలో ఉండటం గన్నవరం ప్రత్యేకత. ఊరికి ఒక వైపు మామిడి తోటలు, చెరువులు, మరో వైపు కాలువ కింది వరి చేలు. ఎత్తయిన గట్టి నేల, విజయవాడకు చేరువ, జాతీయ రహదారి, రైలు మార్గం ఒకే చోట కలవడం వల్ల ప్రజా నిర్మాణాలకు ఈ చోటు అనువైంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక అవసరాలకు వాడిన విమాన క్షేత్రం తర్వాత పౌర విమానాశ్రయమైంది. 2017లో దీనికి అంతర్జాతీయ హోదా లభించింది. ఇక్కడి వాతావరణ కేంద్రం నమోదు చేసే వివరాలే సాధారణంగా విజయవాడ ఉష్ణోగ్రతలుగా వార్తల్లో వస్తాయి. కేసరపల్లిలో మేధ టవర్స్ సమాచార సాంకేతిక ప్రాంగణం ఉంది. కొండపావులూరులో జాతీయ విపత్తు స్పందన దళం 10వ బెటాలియన్ స్థావరం ఉంది. అక్కడే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణం 2025 జనవరిలో ప్రారంభమైంది.

రవాణా

విజయవాడ జంక్షన్ చెన్నై, హావ్‌డా, న్యూఢిల్లీ, హైదరాబాద్ రైలు మార్గాల కూడలి. చెన్నై–కోల్‌కతా, మచిలీపట్నం–హైదరాబాద్ జాతీయ రహదారులు నగరంలో కలుస్తాయి. ఒకప్పుడు ధాన్యం, ఉప్పు, కలప మోసిన కాలువలను 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించారు. గ్రీకు భూగోళ రచయిత టాలెమీ మైసోలియాగా పేర్కొన్న తీరం మచిలీపట్నం ప్రాంతమే. 1611లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. మచిలీపట్నంలో కొత్త ఓడరేవు నిర్మాణానికి 2023లో శంకుస్థాపన జరిగింది.

పర్యావరణ సమస్యలు

ఎగువ జలాశయాల్లో ఒండ్రు నిలిచిపోవడం వల్ల ముఖద్వారానికి చేరే మట్టి బాగా తగ్గింది. తీరం కొన్ని చోట్ల కోతకు గురవుతోంది. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలోనూ ఇదే కారణంతో కోత, ఉప్పునీటి చొరబాటు కనిపిస్తున్నాయి. కొల్లేరు గర్భంలో అక్రమ చేపల చెరువుల గట్లు నీటి ప్రవాహాన్ని అడ్డుకోవడంతో 2006లో ప్రభుత్వం వాటిని తొలగించింది. మళ్లీ కొన్ని చెరువులు వెలిశాయి. బుడమేరు వరద మైదానంలో ఇళ్లు, నదిలో మితిమీరిన ఇసుక తవ్వకం, మెట్టలో గ్రావెల్ తవ్వకం, కాలువల్లో కలిసే పట్టణ మురుగు తక్కిన ముఖ్య సమస్యలు.

ప్రాముఖ్యం

భట్టిప్రోలు, ఘంటసాల, అమరావతి బౌద్ధ స్థూపాలు ఈ నేల రెండు వేల ఏళ్ల కిందటే సంపన్నమైనదని చూపుతాయి. ఆనకట్ట తర్వాత ఆ సంపద స్థిరపడింది. డెల్టా రైతు కుటుంబాల మిగులు ఆదాయం విద్య, ముద్రణ, సినిమా, వర్తక రంగాల్లోకి ప్రవహించింది. ఈ ప్రాంతం వర్షపాతంలో గానీ ఖనిజాల్లో గానీ అసాధారణమైనది కాదు. దీని అసలు వనరు ఒండ్రు నేల, దాని మీదికి సమయానికి వచ్చి సమయానికి వెళ్లే నీరు. పంట కాలువ, మురుగు కాలువ, మడ అడవి, కొల్లేరు ఒకే నీటి వ్యవస్థలో భాగాలు. వీటిలో ఒకటి దెబ్బతింటే మిగతావీ దెబ్బతింటాయని 2024 వరదలు గుర్తు చేశాయి.

చూడండి: కృష్ణా నది, ప్రకాశం బ్యారేజీ, కొల్లేరు, బుడమేరు, దివిసీమ ఉప్పెన, గోదావరి డెల్టా, మచిలీపట్నం.